మూత తీసి చూసే రూతమ్మ సిస్టర్

ఉడికిన పెసలను వార్చి ఆ నీళ్లు సింకులో పోస్తుంటే, పచ్చివాసనతో ఆవిరి ముఖానికి కొట్టి కళ్లద్దాలు మసకబారతాయి. మా ఇంట్లో ఎవరికీ కిడ్నీ జబ్బు లేదు. అయినా రోజూ పొద్దున్నే ఒక్క డబ్బాకు సరిపడా ఇలా వండుతాను. డయాలసిస్ పేషెంట్లకు ఏం తినాలో చెప్పే ఉద్యోగం నాది. ఇరవై ఏళ్లు దాటాయి. ఈ మధ్య లేవగానే అలసటగా ఉంటోంది, ఈ ఒక్కరోజుకు మానేద్దామా అనిపిస్తుంది. కానీ పెసలు రాత్రే నానబెట్టేసి ఉంటాను.

అప్పట్లో మా సెంటర్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డులో ఒక చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. ఆరు మంచాలు, ఆరు మిషన్లు, ఎప్పుడూ పనిచేయని ఒక లిఫ్టు. నేను తెనాలి నుంచి కొత్తగా వచ్చి చేరాను. హెడ్ నర్సు రూతమ్మ సిస్టర్‌ది నల్గొండ దగ్గర పల్లెటూరి క్రైస్తవ కుటుంబం. ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉండేది. నేను చేరిన రోజు మధ్యాహ్నం ఆమె చేసిన మొదటి పని, అడగకుండా నా టిఫిన్ డబ్బా మూత తీసి చూడటం. పెరుగన్నం, ఆవకాయ. "గిదేనా?" అని తన డబ్బాలోంచి రెండు గరిటెల బొబ్బర్ల కూర వేసింది. నాకు ఒళ్లు మండింది. పేషెంట్ల డబ్బాలు కూడా అలాగే చూసేది. ఇదేం పద్ధతి, నోరుంది కదా అడగొచ్చు కదా అనుకునేదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్లకు కూతురి కాన్పు కోసం ఆమె రెండు నెలలు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే నరసింహ వచ్చాడు. లారీ మెకానిక్. ఎల్బీ నగర్ అవతల నుంచి వారానికి మూడుసార్లు భార్య యాదమ్మను తోడు తీసుకుని బస్సులో వచ్చేవాడు. ఏదో మొక్కు వల్ల నీసు మానేసి ఇరవై ఏళ్లయిందట, గుడ్డు కూడా ముట్టడు. డయాలసిస్ వాళ్లు తినాల్సినవి రాసి నా దగ్గరున్న అచ్చు కాగితంలో మొదటి వరుసే గుడ్డు తెల్లసొన. ఆ కాగితమే చేతికిచ్చి, మిగతావి చూసుకోండి, పథ్యం మాత్రం తప్పొద్దు అన్నాను. వచ్చిన ప్రతిసారీ పథ్యం చేస్తున్నారా అని అడిగేదాన్ని. ఒక్క పూట కూడా తప్పలేదనేవాడు. శభాష్ అని టిక్కు పెట్టుకునేదాన్ని. రెండు నెలల్లో అతని పాదాలు ఉబ్బాయి, తొడలు చిక్కిపోయాయి. మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ కూర్చునేవాడు. రక్తపరీక్షలో ప్రోటీను ఎందుకు పడిపోయిందని డాక్టరు అడిగితే నా టిక్కులు చూపించాను.

సిస్టర్ సెలవు నుంచి వచ్చిన రోజే అతని డబ్బా మూత తీసింది. అన్నం, నీళ్ల చారు. పప్పేదని అడిగింది.

"పప్పు బందు వెట్టి ఏడాదాయె సిస్టర్," అంది యాదమ్మ, కాస్త గర్వంగానే. "మిషన్ ఎక్కకముందు దవాఖానల వద్దన్నరు. పథ్యం గట్టిగ చేస్తున్నడు."

వాళ్లకు చెప్పినది అబద్ధం కాదు. మిషన్ ఎక్కకముందు, చెడిపోతున్న కిడ్నీల మీద భారం పడకుండా పప్పు తగ్గించమంటారు. మిషన్ ఎక్కాక లెక్క తిరగబడుతుంది. రక్తాన్ని కడిగేటప్పుడు ప్రోటీను కూడా కొంత పోతుంది, కాబట్టి ఎక్కువ తినాలి. ఆ మాట వాళ్లకు చెప్పాల్సింది నేను. మన దగ్గర పథ్యమంటే మానేయడమే, ఎన్ని మానేస్తే అంత మంచి రోగి. నేను మెచ్చుకుంటూ ఉంటే ఆ మనిషి ఆకలితో ఎండిపోయాడు.

సిస్టర్ నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. తిడుతుందనుకున్నాను. "పోయి నువ్వే చెప్పు. తప్పు నీదని చెప్పు. లేకుంటె మొగుణ్ని నేనే మాడవెట్టిన అని ఆమె జీవితమంత ఏడుస్తది."

చెప్పాను. "ఇప్పటి సంది తింటె మంచిగైతడా?" అని మాత్రం అడిగింది యాదమ్మ. నేను సిస్టర్ వైపు చూశాను.

ఆ సాయంత్రం ఎల్బీ నగర్ బస్సులో సిస్టర్ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఎప్పటిదో ఒక సంగతి చెప్పింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి ఆమె నర్సు ట్రైనింగులో ఉంది. కర్ఫ్యూ రోజులు. కాలికి దెబ్బ తగిలిన స్టూడెంటు ఒకడు వార్డులో ఉండేవాడు. తిన్నావా అని రోజూ అడిగితే తిన్నాననేవాడు. నాలుగో రోజు లేవబోయి పడిపోయాడు. చూస్తే పరుపు కింద రొట్టెలన్నీ అలాగే ఉన్నాయి. జైల్లో ఉన్న దోస్తులు వచ్చేదాకా తిననని ఒట్టు పెట్టుకున్నాడట.

"అప్పటి సంది నోటిని అడుగుడు బంద్ చేసిన బిడ్డా. గిన్నెనే చూస్త."

అతను బతికాడా అని అడిగాను. డ్యూటీ మారింది, తెలియదంది. కాసేపటికి తనలో తనే నవ్వుకుంది. "అప్పుడు మీ ఆంధ్రోళ్లు పోవాలని నేను గూడ ఒర్లిన. ఇప్పుడు జూడు, నీకే బొబ్బర్లు తినవెడుతున్న."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక తన వంటింట్లో యాదమ్మకూ నాకూ కలిపి నేర్పింది. పెసలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి, వార్చేయాలి. అలా చేస్తే ఈ రోగులకు పడని పొటాషియం కొంత పోతుంది. డాక్టరు చెప్పిన కొలతకు ఒక చిన్న గిన్నె పెట్టుకోవాలి. ఒకరోజు పెసలైతే ఒకరోజు మీల్ మేకర్. సారమంతా పోతోందని యాదమ్మ ఆ నీళ్ల వంక బాధగా చూసింది.

మూడు నెలలకు నరసింహ పాదాల వాపు తగ్గింది. మెట్ల మీద ఒక్కచోటే కూర్చునేవాడు. నేను కనబడగానే తనే మూత తీసి చూపించేవాడు. రెండేళ్లు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున ఇంట్లోనే గుండె ఆగిపోయింది.

దినవారాలు అయ్యాక యాదమ్మ ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చి, కడిగిన డబ్బా నా చేతిలో పెట్టింది. "ఆయనకు ఆకలే కాకపోయేది మేడం. నోటికి రుచి తెల్వకపోయేది. మీరు మూత తీసి చూస్తరని తినేటోడు."

సిస్టర్ పోయి కూడా ఏళ్లయింది. సెంటర్ వేరే భవనంలోకి మారింది, అక్కడ లిఫ్టు పనిచేస్తుంది. డబ్బా తెచ్చుకోకుండా, ఇంట్లో తినే వచ్చానని చెప్పేవాళ్లు రోజుకు ఒక్కరైనా ఉంటారు. వాళ్ల ముందు, పొద్దున వండిన పెసలతో నరసింహ డబ్బా మూత తీసి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంటాను. విసుగొస్తుంది. అయినా కూర్చుంటాను.