మా నాటకంలో జర్మన్ కలెక్టరు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా ఇళ్ల వెనక చిన్న కుంట ఉంది. దాని చుట్టూ నడిచే దారి వేశారు. పొద్దున పూట ఆ దారిలో ఒక పొడవాటి ముసలాయన ఎవరినో తిడుతూ నడిచేవాడు. ఒకరోజు తిట్లు, మరోరోజు బతిమాలడం, ఇంకోరోజు తనలో తనే నవ్వుకోవడం. చెవిలో ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడని కొందరు, మతి చలించిందని కొందరు అనుకునేవాళ్లు. ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్లు. నేనూ అంతే.

ఒకసారి ఆఫీస్ మీటింగ్‌లో ఉండి, నా వంతు ఇంకా రాలేదని మ్యూట్ చేసుకుని నడుస్తున్నాను. మలుపు తిరిగేసరికి ఆయన ఖాళీ బెంచీ ముందు మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. చేతులు రెండూ చాచి, తెలియని భాషలో ఎవరినో క్షమించమని అడుగుతున్నాడు. భాష తెలియకపోయినా అడుగుతున్నది క్షమాపణేనని తెలిసిపోతోంది. మీటింగ్ కట్ చేసి పరుగెత్తాను.

"మీకేమైనా అయిందా? ఎవరినైనా పిలవనా?" అన్నాను.

ఆయన లేచి, ప్యాంటు మోకాళ్లు దులుపుకున్నాడు. కళ్లు తడిగానే ఉన్నాయి కానీ ముఖం వెలిగిపోతోంది.

"నమ్మారా?" అని అడిగాడు.

"నమ్మాను."

"అయితే ఇవాళ బాగానే చేశానన్నమాట."

ఆయన జర్మన్ నటుడు. వయసులో ఉన్నప్పుడు వేసిన వేషాలను రోజుకొకటి చొప్పున నడకలో తిరగేసుకుంటాడట. "వాడని కత్తికి తుప్పు పడుతుంది. వాడని వేషానికీ అంతే," అన్నాడు. అలా మొదలైంది మా పరిచయం. ఆ తర్వాత వారంలో రెండు మూడు పొద్దులు కలిసే నడిచేవాళ్లం. ఆయన జీవితం నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ఎల్బే నది పక్కన చిన్న ఊళ్లో ఆయన పుట్టాడు. తండ్రికి బేకరీ ఉండేది. కొడుకు పొయ్యి దగ్గర నిలబడతాడనుకుంటే, వెళ్లి నటన నేర్పే స్కూల్‌లో చేరాడు. తండ్రి చాలాకాలం మాట్లాడలేదట. చదువయ్యాక ఒక పెద్ద ఊరి నాటకశాలలో ఉద్యోగం దొరికింది. అది నిజంగానే ఉద్యోగం. నెల జీతం, సెలవులు, పెన్షన్ అన్నీ ఉంటాయి. ఇవాళ రాజు, రేపు రాజుగారి బండి తోలేవాడు, ఎల్లుండి ఆడవేషం. ఏ వేషమిచ్చినా కాదనకూడదు. "నేను ఎలాంటివాడినో నాకే తెలియకుండా బతికిన రోజులవి. అంత హాయి మళ్లీ ఎరగను," అనేవాడు.

అక్కడికి సంగీతం చదువుకోవడానికి వచ్చిన అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఆమెతో న్యూయార్క్ వచ్చేశాడు. ఇక్కడ ఆయన నోరు విప్పగానే అందరికీ ఒకటే కనబడింది: యూనిఫాం. సినిమాల్లో, టీవీలో జర్మన్ సైనికాధికారి వేషం. గట్టిగా అరవడం, బూట్లు చప్పుడు చేయడం, చివరికి చావడం. యాస తగ్గించుకుంటే వేరే వేషాలు వస్తాయని ఒక టీచర్ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. పళ్ల మధ్య బెండు బిగించి మాట్లాడటం, అద్దం ముందు నాలుక చూసుకోవడం. కాస్త తగ్గింది. ఆ తర్వాత ఒక చోట వేషం కోసం వెళ్తే, "మీ యాస ఏమైంది? మాకు కావాల్సింది అదే కదా," అన్నారట. తీసేసిన యాసను మళ్లీ తెచ్చిపెట్టుకుని ఆ వేషం వేశాడు.

ఇది చెప్పి ఆయన పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముందురోజే ఆఫీస్‌లో నేను చెప్పిన మాటను, అర్థం కాలేదని మూడోసారి చెప్పించుకుని, చివరికి చాట్‌లో టైప్ చేయమన్నారు.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఆయన వేసిన వాటిల్లో కాస్త పేరొచ్చిన సినిమా ఒకటి జర్మనీలో ఆడింది. అక్కడ బయటి సినిమాలన్నీ డబ్బింగ్ చేస్తారు. తల్లి చుట్టుపక్కల ఆడవాళ్లను వెంటబెట్టుకుని, మంచి కోటు వేసుకుని హాలుకు వెళ్లింది. తెరమీద కొడుకు నోరు తెరిచాడు. వినిపించింది ఇంకెవరిదో గొంతు. జర్మన్ మాట్లాడే జర్మన్ వాడికి జర్మన్‌లో ఇంకెవరో డబ్బింగ్ చెప్పారు. ఆమె ఆ రాత్రే ఫోన్ చేసి, "నీ గొంతేం చేశార్రా?" అని ఏడ్చిందట.

డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన దాన్ని నేను. పెదవులొక తీరు, మాటలొక తీరు కదులుతుంటే నవ్వుకునేవాళ్లం. పెదవుల తాలూకు మనిషికి ఒక తల్లి ఉంటుందని ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి నాటకం వేయాలనుకున్నాం. మా దర్శకుడు తెనాలి మనిషి. పగలు మందుల కంపెనీలో డేటా చూస్తాడు. కుర్రతనంలో పరిషత్తు నాటకాల్లో బహుమతులు తెచ్చుకున్నవాడు. నాటకం కూడా ఆయనే రాశాడు. కరువు రోజుల్లో ఒక ఊరికి దొర కలెక్టరు వస్తాడు. సర్కారు కొట్టు నిండా ధాన్యం ఉంటుంది. విత్తనాలకు గింజలిమ్మని ఊళ్లో ఒక వితంతువు అతణ్ని అడుగుతుంది. అతను ఇవ్వడు. అదీ కథ. నాది తెర పక్కన నిలబడి మాటలు అందించే పని.

కలెక్టరు వేషానికి ప్రతిసారీ మాలోనే ఒకరికి ముఖాన తెల్లరంగు పూసేవాళ్లం. "మా నడకదారిలో నిజమైన తెల్లాయన ఉన్నాడండీ, నటుడు కూడా," అన్నాను. దర్శకుడి కళ్లు మెరిశాయి. నేనే వెళ్లి అడిగాను. అడగడానికి మొహమాటంగానే ఉండింది. మళ్లీ యూనిఫామే కదా.

"భాష?" అన్నాడు.

"తెలుగు. అయినా మీకు ఇంగ్లిష్‌లో రాసిస్తాం."

"వద్దు. వాళ్ల ఊరొచ్చి వాళ్ల భాషలో కాదన్నవాడు ఇంకా భయంకరంగా ఉంటాడు. తెలుగులోనే చెబుతాను."

రిహార్సల్స్ మా క్లబ్‌హౌస్‌లో జరిగేవి. మొదటిరోజే గొడవ. కలెక్టరు బల్ల మీద కర్రతో కొట్టి గద్దించాలని రాసి ఉంది. ఈయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంటూ, మెల్లగా అన్నాడు: "ధాన్యం ఉంది. ఇచ్చే అధికారం నాకు లేదు."

"కలెక్టరంటే గద్దించాలండీ! వెనక వరస దాకా వినపడాలి," అన్నాడు దర్శకుడు. నేను దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాను.

"అధికారం చేతిలో ఉన్నవాడు ఎందుకు అరవాలి?" అన్నాడాయన. "అరిచే అధికారిగా ముప్పై ఏళ్లు బతికాను. దయచేసి ఈ ఒక్కసారి నన్ను అరవనివ్వకండి."

దర్శకుడు తన కాగితంలో గద్దింపు కొట్టేశాడు. "సరే, కాలర్ మైకు పెడదాం," అన్నాడు చివరికి.

మా అమ్మాయిది ఆ నాటకంలో చిన్న వేషం. పుట్టింది ఇక్కడే, హైస్కూల్ చదువుతోంది. ఏటా దానికి ఒకటే వేషం ఇచ్చేవాళ్లు: తెలుగు సరిగ్గా రాని పిల్ల. అది నోరు తెరవగానే హాలు గొల్లుమనేది. కరువు నాటకంలో అలాంటి పాత్రకు చోటు లేకపోయినా, జనం అలవాటు పడ్డారని మొదట్లో ఒక ముక్క ఇరికించారు. పట్నం నుంచి వచ్చిన పిల్ల, మాటలు తప్పులు పలుకుతుంది.

"అమ్మా, ఐ డోంట్ వాంట్ టు డూ ఇట్. ఎవ్రీ ఇయర్ సేమ్ జోక్. ఆ జోక్ నేనే," అంది కార్‌లో.

నేను మరి ఏమిటని అడిగితే, "విడో రోల్ కావాలి" అంది. ఆ వేషం అప్పటికే మాలో ఒకావిడకు ఇచ్చేశారు. అయితే ఆవిడ వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్లి, ఏదో చెకింగ్‌లో పడి అక్కడే ఉండిపోయింది. నాటకం దగ్గర పడింది. మా అమ్మాయికి అందరి మాటలూ కంఠతా వచ్చు. జర్మన్ ఆయన తన మాటలు నేర్చుకుంటున్నది దాని గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసుకునే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అప్పజెప్పుకునేవాళ్లు. అది ఆయన్ని అంకుల్ అనేది. "మా భాషలోనూ దాదాపు అదే మాట," అని మురిసిపోయేవాడు.

ఆ వేషం దానికిమ్మని అడిగితే దర్శకుడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఏమీ అనుకోకండమ్మా. పిల్ల మంచిదే. కానీ దానికి 'ళ' పలకదు. 'మా కళ్ళల్లో నీళ్ళు కూడా లేవు దొరా' అనాలి. అది 'కల్లల్లో నీల్లు' అంటుంది. ఏడవాల్సిన చోట, కల్లులో నీళ్లు కలపలేదంటోందని జనం పడిపడి నవ్వుతారు!"

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా అమ్మాయి నవ్వలేదు, లేచి బయటికి వెళ్లిపోయింది. ఏం జరిగిందని జర్మన్ ఆయన అడిగాడు. చెప్పాను. కలెక్టరు కర్రనే ఊతంగా పట్టుకుని మెల్లగా దాని వెనకే వెళ్లాడు.

ఆ తర్వాత వరసగా కొన్ని సాయంత్రాలు ఆయన మా వంటింట్లోనే గడిపాడు. నేను పెసరట్లు పోస్తుంటే ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని విచిత్రమైన చప్పుళ్లు చేసేవాళ్లు. నన్ను "ళ" అనమనేవాడు. నా నోట్లోకి తొంగి చూసేవాడు. ఒకరోజు హఠాత్తుగా బల్ల చరిచాడు.

"గర్ల్ అను!" అన్నాడు దానితో.

"గర్ల్."

"మధ్యలో ఆగు. ర్ దగ్గర. నాలుక ఎక్కడుంది?"

"వెనక్కి... మడతపడింది."

"అమెరికన్లలో చాలామంది నాలుక అలాగే మడుస్తారు. నాకది రావడానికి ఏళ్లు పట్టింది. నీకు పుట్టుకతో ఉంది. అక్కడే ఉంచి, కొనను పైకి ఆనించి వదులు."

అది ఆగింది. పెదవులు బిగించింది. "కళ్ళు" అంది.

పెనం మీద అట్టు మాడిపోతోందని కూడా చూసుకోలేదు నేను. ఇన్నేళ్లుగా "నాలుక సరిగ్గా తిప్పు" అని కసురుతూనే ఉన్నాను. ఎక్కణ్నుంచి తిప్పాలో చెప్పలేదు. దాని అమెరికా యాసను తెలుగుకు అడ్డమనే అనుకున్నాను. ఆ యాసే దానికి దారి అవుతుందని ఎక్కడో జర్మనీలో పుట్టిన మనిషికి తట్టింది.

మర్నాడు దర్శకుడు దాని చేత ఆ వాక్యం మళ్లీ మళ్లీ చెప్పించాడు. కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు జారింది. "పోన్లే, ఇంకెవరున్నారు గనక," అని వేషం ఇచ్చాడు. పట్నం పిల్ల ముక్క తీసేశాడు.

నాటకం హైస్కూల్ ఆడిటోరియంలో. కలెక్టరు కుర్చీలో కూర్చుని మొదటి తెలుగు మాట అనగానే హాలంతా నవ్వింది. మరీ ఎగతాళిగా కాదు, దొర తెలుగు మాట్లాడుతున్నాడన్న సరదాతో. తెర పక్కనుంచి నేను మాట అందించబోయాను. ఆయన కంగారుపడలేదు. నవ్వుతున్నవాళ్లను, కళ్లజోడు పైనుంచి, పనివేళలో విసిగించిన వాళ్లను చూసినట్టు చూశాడు. నవ్వు ఆగేదాకా ఆగాడు. ఆ మాటే మళ్లీ, ఇంకా మెల్లగా అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా అమ్మాయి వచ్చింది. నా పాత నేత చీర, జుట్టు వదులుగా ముడి. వెనక వరసలో ఎవరో దాన్ని గుర్తుపట్టి ముందే కిసుక్కుమన్నారు. జోకు కోసం ఎదురుచూశారు. అది నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, జనం వైపు తిరగకుండా, ఆయనతోనే మాట్లాడింది.

"తినడానికి కాదు దొరా, విత్తనానికి. మేం తట్టుకుంటాం. తొలకరి ఆగదు."

"ధాన్యం ఉంది. ఇచ్చే అధికారం నాకు లేదు."

"మా కళ్ళల్లో నీల్లు కూడా లేవు దొరా."

మొదటి "ళ" పలికింది. రెండోది జారిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. హాల్లో చిన్న పిల్లవాడి దగ్గు తప్ప ఏమీ వినిపించలేదు. కళ్లు తెరిచి చూస్తే కలెక్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు వేళ్లతో కనుబొమల మధ్య నొక్కుకుంటున్నాడు. రిహార్సల్స్‌లో అది లేదు. ఆ పైన "వెళ్లు" అన్నాడు. అదీ మెల్లగానే.

అయ్యాక లాబీలో అందరూ ఫోటోల కోసం ఆయన చుట్టూ మూగారు. మా అమ్మాయి దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. ఏటా దాన్ని చూసి ఇంగ్లిష్‌లో పలకరించే మనిషి. ఆ రోజు చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, మొన్నటిదాకా ఎక్కడ దాచావే ఈ తెలుగంతా? భోంచేశావా?" అంది. మా అమ్మాయి, "లేదు ఆంటీ, ఇంకా తినలేదు," అంది. తెలుగులోనే. అంతే జరిగింది. కార్‌లో కూర్చున్నాక అది ఆ మాటే చెప్పింది, చప్పట్ల సంగతి చెప్పలేదు.

జర్మన్ ఆయన్ని ఇంటి దగ్గర దింపాను. దిగబోతూ ఆగి, "మీ దర్శకుడు నన్ను ఏమన్నాడు?" అని అడిగాడు.

"ఇలాంటి విలన్‌ని ఎప్పుడూ చూడలేదన్నారు."

"విలన్ కాదు. సంతకం పెట్టే మనిషి. ఇన్నాళ్లకు వాణ్ని వాణ్నిగా వేయనిచ్చారు," అని తలుపు వేశాడు.

ఆ చలికాలం ఆయనకు తుంటి ఆపరేషన్ అయింది. మరుసటి ఏడు నాటకానికి మా అమ్మాయికి పరీక్షలు, వేషం వేయలేదు కానీ రిహార్సల్స్ చూసింది. ఆ ఏడు మావాళ్లు ఇల్లరికపు అల్లుడి హాస్యనాటిక వేశారు. ఆయన్ని వాకర్‌తో తీసుకెళ్లి ముందు వరసలో, మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టాం. ఒక్క ముక్క అర్థం కాదు కదా, ఏం చేస్తాడా అని నాకు బెంగ. విరామంలో మా అమ్మాయి చెవి దగ్గరికి వంగి, స్టేజీ వైపు వేలు చూపించి ఏదో అడిగాడు. అది పకపకా నవ్వింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ఆ పంచె కట్టుకున్న అంకుల్ అబద్ధం చెప్తున్నాడు కదా, అంటున్నారు. కానీ నెక్స్ట్ సీన్‌లో కదమ్మా అది బయటపడేది!"

రెండో భాగం మొదలైంది. ఆయన చేతులు వాకర్ మీద ఆనించి ముందుకు వంగి చూస్తున్నాడు.