కూర్చోబెట్టిన కాలు

నా భార్య ఎడమకాలు చిన్నప్పుడు మోకాలి కింద విరిగి, వంకరగా అతుక్కుంది. ఆ వంకరతోనే చదువుకుంది, ఉద్యోగం చేసింది, అమెరికాలో ఈ క్యారీ ఊరి దాకా వచ్చింది. నలభై దాటాక మోకాలు అరగడం మొదలైంది.

సర్జన్ ఎముకను కోసి, కాలి చుట్టూ లోహపు రింగులు బిగించాడు. రింగుల మధ్య రాడ్లను రోజూ కాస్త కాస్త తిప్పుతుంటే కాలు నెమ్మదిగా నిటారవుతుంది. కోసినచోట ఏర్పడే ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. తిప్పడం నా పని. నడవడం ఆమె పని. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుందని ఇంటికి పంపేటప్పుడు సర్జన్ మరీ మరీ చెప్పాడు.

ఆపరేషన్ అయిన మనిషి మంచం దిగకూడదన్నది మా తెలుగు చర్చిలో ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన విషయం. ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చారు. కుక్కర్లు కారులో పెట్టుకుని మేక కాళ్ళ సూపు తెచ్చారు. నా భార్య వాకర్ అందుకుంటే చాలు, పాస్టరమ్మగారు లేచేవారు.

"ఎక్కడికమ్మా?"

"మంచినీళ్ళకండీ."

"నేను లేనా? కూర్చో."

"డాక్టర్ వాక్ చేయమన్నాడండీ."

"ఈ దేశం డాక్టర్లు అలాగే అంటారు. నాకు డెలివరీ అవగానే ఐస్ వాటర్ ఇచ్చారు. తాగానా?"

కొన్ని వారాలకి తీసిన ఎక్స్‌రేలో కాలు నిటారుగా ఉంది. మధ్యలో ఖాళీ మాత్రం నల్లగా అలాగే ఉంది. రోజూ ఎంత నడుస్తున్నారని సర్జన్ అడిగాడు. బాత్రూమ్ దాకా, అని ఆమె నిజమే చెప్పింది. వచ్చేసారి ఎక్స్‌రేకి కూడా ఎముక కనపడకపోతే తుంటి నుంచి ఎముక తీసి అక్కడ నింపాలి, ఇంకో ఆపరేషన్ తప్పదు అన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఆమెకు ప్లేటు పట్టుకొచ్చారు. ఆమె తీసుకోలేదు. వాకర్ పట్టుకుని లేచింది.

"ఇకనుంచి నాకెవరూ ఏమీ తేవద్దు. నేనే వెళ్ళి తింటా."

"పడిపోతావే తల్లీ!" అన్నారు పాస్టరమ్మగారు.

"పడితే లేపండి. అప్పటిదాకా ముట్టుకోవద్దు."

హాలు అవతలి కొసన బిర్యానీ టేబుల్. ఆమె అడుగు వేస్తే రింగుల బరువుకి కాలు ఒకవైపు ఊగేది. ఎవరూ తినడం లేదు. వడ్డించే ఆవిడ ఉండబట్టలేక టేబుల్‌ని మెల్లగా ముందుకు జరిపింది.

"చూశాను. వెనక్కి జరుపక్కా."

జరిపింది. నా భార్య అక్కడికి చేరి, రెండు కాళ్ళ మీదా నిలబడి తింది. ఆ తర్వాత వంతుల వాళ్ళు రావడం మానలేదు. సూపు పొయ్యి మీద పెట్టి, ఆమె వంటింటి దాకా వచ్చేవరకు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

కొత్త ఎముక మొదట ఎముకలా కనపడదు. తర్వాతి ఎక్స్‌రే మీద సర్జన్ వేలు పెట్టి చూపించాక తెలిసింది, నల్లటి ఖాళీలో పలచటి మబ్బులాంటి మసక. రెండో ఆపరేషన్ అక్కర్లేదన్నాడు.

పార్కింగ్ దాకా నడిచొచ్చింది. కారు తలుపు తీయడానికి చెయ్యి చాచాను. నా వంక చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.