రెండు తూర్లు మోగితే కరెంటు

అడగని పాటలు అమ్మడానికి వచ్చిన ఫోన్లు మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, ఒక తడి నీళ్ళు ఎగ్గొట్టాయి. నడివేసవిలో, చెట్లు నిండా పిందె పట్టి ఉన్నప్పుడు. రాలిన పిందెను మా ఆవిడ గంపకెత్తి దిబ్బలో పోసింది. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

సెల్‌ఫోను ఇంటింటికీ వస్తున్న రోజులవి. మా తోట వేంపల్లెకు అవతల, ఊరికి రెండు మైళ్ళు. బోరుకు త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పేవాళ్ళు లేరు. మోటారు తనంతట తాను తిరిగినా, పాదు పాదుకూ నీళ్ళు మళ్ళించే మనిషి కావాలి. ఆ మనిషి మా ఆవిడే. నేను పగలంతా ఎరువుల అంగట్లో గుమస్తాని. పక్క తోటలో కాపురముండే ఆయన నాకు వరసకు తమ్ముడు. కరెంటు రాగానే మా ఇంటికి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఎత్తకూడదు, ఎత్తితే ఆయనకు ఖర్చు. మోగగానే ఆమె పార భుజాన వేసుకొని బయలుదేరేది. మా పక్క తోటలున్న వాళ్ళందరిదీ అదే పద్ధతి.

ఆ పద్ధతిలోకి పాటలవాళ్ళు జొరబడ్డారు. ఆమెకు అంకెలు చదవడం రాదు. ఎత్తకూడదు కాబట్టి ఎత్తలేదు, మోగిన ప్రతిసారీ నడిచింది. ఒకే వారంలో మూడుసార్లు ఎండలో పోయి, కరెంటు లేక తిరిగొచ్చింది. నాలుగోసారి మోగితే పోలేదు. ఆ సాయంత్రం తమ్ముడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమొదినా, కాల్ ఇచ్చినా గదా, రాలేదే? గంటన్నర ఉన్న్యాది కరెంటు.”

నేను ఫోను తీసి చూశాను. ముందొచ్చిన మూడూ ఏదో తెలియని నంబరువి. చూస్తుండగానే అదే నంబరు మళ్ళీ మోగింది. ఎత్తితే ఒక ఆడగొంతు, ఫలానా పాట కాలర్ ట్యూనుగా కావాలంటే ఒకటి నొక్కమంది. ఆ గొంతుకు మా తోట సంగతంతా చెప్పి గట్టిగా నిలదీశాను.

“అది మిషనన్నా,” అన్నాడు తమ్ముడు. “దానికి యాడ వినపడతాది?”

మూడో తరగతిలో బడి మాని, పొట్లాల కాగితాలు చదివి అక్షరం నేర్చుకున్నవాణ్ణి. నాకు చేతనైంది రాయడమే. ఫోను కంపెనీకి తెలుగులో, రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. దానికీ లేదు.

ఆమె ఎవరికీ ఏమీ రాయలేదు. అంగడికి సెలవైన ఒక రోజు చూస్తే, మోగుతున్న ఫోను ముందు చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

“ఏంమే, అట్లే చూస్తాండావు?”

“ఊరికుండయ్యా, వింటాండా.”

ఫోను మోగి మోగి ఆగింది.

“పాటలోడు,” అంది. “మరిదైతే మోగీ మోగకముందే కట్ చేస్తాడు. నేను యాడ ఎత్తుతానో అని ఆయప్పకు భయం. వీనికేం భయం? గొంతెండిపోయేదాకా మోగిస్తాడు.”

అక్కడితో ఊరుకోలేదు. మరిదిని పిలిపించి, “ఇంకమీద రెండు తూర్లు ఇయ్యప్పా, నడమ ఒక గుక్క నీళ్ళు తాగు,” అని కట్టడి చేసింది. ఆ వేసవిలో మళ్ళీ ఒక్క తడీ తప్పలేదు. చెట్టున మిగిలిన పిందె కాయయింది. చుట్టుపక్కల తోటలవాళ్ళు కూడా రెండుసార్లు మోగించడం మొదలుపెట్టారు. వాళ్ళలో బి.ఏ. చదివినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకు గానీ నాకు గానీ తోచనిది ఆమెకు తోచింది.

మూడో ఉత్తరంలో నా కోపమంతా రాసి, ఆమె కనిపెట్టిన పద్ధతి గురించి ఇంకో పేజీ రాశాను. రాయకుండా ఉండలేకపోయాను. దానికి జవాబు వచ్చింది. పైన ఇంగ్లీషులో అచ్చువేసిన నాలుగు వరుసలు. నిఘంటువు ముందు పెట్టుకొని చదివితే అందులో ఏమీ లేదు. కింద ఎవరో నీలం సిరాతో తెలుగులో రాశారు. అది మాత్రం ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాను:

“అయ్యా, మీ నంబరు మా జాబితాలో నుంచి నేనే తీసేసినాను, ఇంక మోగదు. మీ ఇంట్లో అమ్మ చెప్పిన రెండు తూర్ల పద్ధతి మా నాయనకు చెప్పినాను. మాకూ బోరు ఉండాది.”