డంగరీ అనే మాట, ఖాజా మాస్టర్

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురికి బట్టలు కొందామని అనంతపురంలో ఒక దుకాణానికి పోయాను. కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక డంగరీ తీసి పరిచింది. అదే, ఛాతీ దాకా గుడ్డ ఉండి, భుజాల మీదుగా పట్టీలు వేసుకునే నీలం ప్యాంటు. చేత్తో ఇలా తడిమానో లేదో, కొత్త డెనిమ్ గంజి వాసన గుప్పున కొట్టింది, బొటనవేలికి నీలం అంటింది. ఇంక నా చేయి ఊరుకుంటుందా? దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూడడం మొదలుపెట్టాను. "డ్యామేజీ ఏమైనా ఉందా మేడమ్?" అని ఆ పిల్ల కంగారు పడింది. "లేదమ్మా, నాదే ఒక పాత రోగం" అన్నాను. ఆ రోగం నాకు అంటించింది రాయదుర్గం జీన్స్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్ ఖాజా. ఆయన పోయి మూడేళ్లయింది.

నేనిప్పుడు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. డిగ్రీ చివరి ఏడాదిలో నేను తప్పింది ఒకే ఒక్క పేపరు, అదీ ఇంగ్లీషే. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ ఏడాది శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి, చేను నిలువునా ఎండిపోయింది. అంత దిగులులోనూ నాయన "మళ్లీ రాయి పాపా, ఒక్కటే గదా" అన్నాడు. నేనే మొండికేశాను. ఇంగ్లీషు పుస్తకం ముట్టేది లేదని ఒట్టు పెట్టుకుని, డిక్షనరీని ట్రంకుపెట్టె అడుగుకు తోసి, జీన్స్ యూనిట్‌లో చేరాను. నాకు అప్పుడు ఉన్నదల్లా ఆ పని ఒక్కటే. అది పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలో తెలియదు.

ఖాజా మాస్టర్ బక్కపలచటి మనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. కుర్రతనంలో బొంబాయిలో పని నేర్చుకుని వచ్చాడు. సంతకం తప్ప రాయడం రాదు. నన్ను బల్ల దగ్గర నిలబెట్టి మొదటిరోజే చెప్పాడు: "సూడు పాపా, ఒక్కో తానుకు ఒక్కో నీలం ఉంటాది. ఇప్పుడు కంటికి ఆనదు. ఉతికినంక బయటపడుతాది. అందుకే కోసిన ప్రతి ముక్కకూ నంబరు చీటీ అంటించల్ల. ఒక ప్యాంటులో అన్నీ ఒకే తాను ముక్కలు ఉండల్ల." ఆ చీటీలు అంటించడమే నా పని. ఇదేం పనిలే అనుకున్నాను మనసులో.

ఆయన దగ్గర ఇంకో కట్టడి ఉండేది. పనిలో తప్పు జరిగితే, చేసినవాళ్లు మిషన్లన్నీ ఆపించి, అందరి ముందు నిలబడి "నా చేతి తప్పు" అనాలి. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. అందరూ కూర్చుని కుట్లు విప్పాల్సిందే. మాస్టరే ఒకసారి జేబు కొలత తప్పి అలా నిలబడ్డాడు. కొత్తవాళ్లు కిసుక్కున నవ్వితే, ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు.

ఒకరోజు చిన్నపిల్లల బట్టల ఆర్డరు వచ్చింది. "ఏం రాసిండాది సూడు, చదువుకున్నదానివి గదా" అని కాగితం నా చేతిలో పెట్టాడు. "డంగరీ" అని చదివాను. ఆయన మొహం వెలిగిపోయింది. "డోంగ్రీనా? మా ఉస్తాదు ఉండింది ఆడనే! బొంబాయిలో పేట అది. ఈ మాట ఆడిదేనని ఆయప్ప చెప్పేవాడు, నేను నమ్మలేదు. మీ పుస్తకంలో ఏముండాదో సూసి చెప్పు పాపా." అంత పెద్దాయన అడిగితే కాదంటామా? ఒట్టు గట్టున పెట్టి, ఆ వారం ఊరికి పోయి డిక్షనరీ బయటికి తీశాను.

మధ్యాహ్నం సద్ది తిన్నాక చదివి వినిపించాను. ఆ మాట హిందూస్థానీ నుంచే ఇంగ్లీషులోకి పోయిందట. ముందు దాని అర్థం ముతక నూలుగుడ్డ అని మాత్రమే. ఆ గుడ్డ ఓడలెక్కి పోయింది. నావికులు తొడుక్కున్నారు. తర్వాత గుడ్డ పేరు కాస్తా ఆ గుడ్డతో కుట్టిన ప్యాంటు పేరయింది. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ల ప్యాంటు, ఆ పైన పట్టీలున్న ప్యాంటు. ఇప్పుడు షోకు బట్ట. మాస్టర్ కళ్లు మూసుకుని విన్నాడు. "బో తిరిగింది గదా పాపా" అన్నాడు. "మా ఉస్తాదు చెప్పేవాడు, ఆ గుడ్డ కూలోళ్లు కట్టుకునేదంట, దొరలు ముట్టేవాళ్లు కాదంట. ఇప్పుడు సూడు, దొరసాని బిడ్డలకు మనం కుడతాండాం." మూడేళ్లు క్లాసులో కూర్చున్నా, ఒక మాటకు ఊరూ పేరూ ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఆ ఇంగ్లీషు పేపరే తప్పానని కూడా ఆయనకు చెప్పేశాను. ఆ రోజు నుంచి చీటీలు అంటిస్తూనే డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

అక్కడే కొంప మునిగింది. ఆ డంగరీలు ఉతుకుకు పోయి వచ్చిన రోజు మూట విప్పితే, ఒక కట్టలో అన్నిటికీ కుడికాలు ముదురు నీలం, ఎడమకాలు వెలిసిన నీలం. ఓనరు ఊగిపోయాడు. "ఎవరు చేసినారో ఈ పొద్దే తేలల్ల. మాస్టరూ, నీ కండ్లు పోయినాయా? చేతకాకపోతే ఇంట్లో కూచో!" మాస్టర్ ఒక డంగరీ ఒళ్లో వేసుకుని, బ్లేడుతో కుట్లు విప్పసాగాడు. డిక్షనరీలో పడి చీటీల అంకెలు తారుమారు చేసింది నేనే. ఆయనకు తెలియకుండా ఉంటుందా? నా వైపు తలెత్తి కూడా చూడలేదు. అలా ఓ గంట గడిచింది. పనిపోతుందన్న భయం ఒకవైపు, ఆయన్నే సాగనంపుతారన్న భయం ఒకవైపు. చివరికి లేచి మిషన్లు ఆపమన్నాను. "నా చేతి తప్పు" అన్నాను.

"సాయంత్రం దాకా కుట్లు విప్పి, రేపటి నుంచి రావద్దు" అన్నాడు ఓనరు. నేను మాస్టర్ వైపు చూశాను. ముప్ఫై ఏళ్లుగా అక్కడున్న మనిషి, ఆయన ఒక్క మాటంటే చెల్లుతుంది. ఆయన నోరు విప్పలేదు. అందరం కూర్చుని విప్పాం. పొద్దు వాలేటప్పుడు "పరీక్ష ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు. కోపంతో విసవిసా వచ్చేశాను. దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక పరీక్షకు చదివాను. అదీ ఆ కసితోనే.

ఆ పేపరు గట్టెక్కి, పై చదువు చదివి, కాలేజీలో ఉద్యోగం వచ్చాక, మిఠాయి పొట్లంతో ఆయనింటికి పోయాను. అప్పటికి చూపు మందగించింది. గొంతుతోనే గుర్తుపట్టాడు. ఏళ్లుగా దాచుకున్నది అడిగేశాను: "ఆ రోజు నా కోసం ఒక్క మాట అనలేదేం మాస్టర్?"

"అనింటే ఆయప్ప నిన్ను ఉండనిచ్చేవాడు పాపా" అన్నాడు. "అందుకే అనలేదు. ఆ పొద్దు అన్నం గూడా పోలేదు నాకు."

నేను ఆయన చేయి పట్టుకుని ఏడ్చేశాను. ఆయన ఇంట్లోకి కేకేసి నాకు టీ పెట్టమన్నాడు.

ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లయినా తప్పు ఒప్పుకుని నిలబడితే, నా కాళ్లు వాటంతట అవే ప్రిన్సిపాల్ గది వైపు పోతాయి, ఆ పిల్ల తరఫున బతిమాలడానికి. ఒక్కోసారి అది మంచే, కాదనను. ఒక్కోసారి మాత్రం నేను నోరు మూసుకోవాల్సింది. ఆ తేడా ఆయనకు తెలుసు. పైగా, నేను తిట్టుకుంటానని తెలిసీ ఊరుకోగలిగాడు. నాకింకా ఆ గుండె రాలేదు.