సముద్రం ఒడ్డున మా బావ ఇజ్జత్

కొత్తగ కొలువుల చేరిన రోజులల్ల మనిషికి తెల్వని పనంటూ ఉండదు. జీతం చిన్నగుంటది, నోరు పెద్దగుంటది. నేను అప్పుడు ఉస్మాన్‌గంజ్‌ల ఎండుమిర్చి దుకాణంల పనిచేస్తుంటి. పుట్టి పెరిగింది పట్నంల యాకుత్‌పురా. మాకు నీళ్ళంటే నల్లాల వచ్చేటియి, వానపడితే గల్లీల నిలిచేటియి, గంతే. గట్లాంటి నాకు బాపట్ల దిక్కు ఉండే మా అక్క మొగుడు ఫోన్ చేసి, "బామ్మర్దీ, చలికాలం రాత్రిపూట సముద్రం ఒడ్డున గాలమేస్తే ఆ మజాయే వేరు. నేను ప్రతి శనివారం బుట్టెడు పడతాను, మీ అక్కనడుగు," అన్నడు. "గాలమేసుడు మాకు తెల్వదా బావా, వస్తున్నం," అన్న. తోడుకు బార్కస్‌ల ఉండే దోస్తును తీస్కపోయిన. ఆరడుగుల మనిషని అందరం పహిల్వాన్ అంటుంటిమి. (చలికి అందరికన్న ముందు వణికేది మాత్రం ఆయననే.)

మేం పోయేసరికే అక్క మసాల నూరి పెట్టింది. "మా ఆయన పట్టిన చేపలు రేపు మీరు తినాలె," అని పక్కింటోళ్ళను భోజనానికి పిలిచింది. బావ మీసం దువ్విండు గని, ముఖంల జర ఫికర్ కనవడ్డది. అప్పుడు నాకు సమజ్ కాలే.

ఒడ్డుకు పోయేసరికి చీకటి, ఎముకలు కొరికే గాలి. బావ గాలానికి రొయ్య గుచ్చి, మోకాటిలోతు నీళ్ళల్ల నిలవడి, పొడుగు కర్రను భుజం మీదికెళ్ళి విసిరి చూపిచ్చిండు. "గింతేనా!" అని నేను సుత ప్యాంటు తడుస్తున్నా నీళ్ళల్లకు దిగి, తిప్పి విసిరిన. గాలం సముద్రం దిక్కు పోయింది. దాంతోని బావ మంకీ టోపీ సుత పోయింది. "ఎవడ్రా అది!" అని బావ బోడగుండు పట్టుకొని ఒక్క కేక. పహిల్వాన్ ఇసుకల కూలవడి నవ్వుడే నవ్వుడు. జరసేపటికి నా దారం బరువుగ గుంజింది. "ఫస్ గయా భాయ్! బడా మాల్ హై!" అని, పెద్ద చేపే చిక్కిందనుకొని పహిల్వాన్ ఒర్రిండు. ఇద్దరం కల్సి గుంజితే ఏమొచ్చింది? టోపీ. అండ్ల ఒక పీత, తన ఇల్లే అన్నట్టు కూసున్నది.

తెల్లారవట్టింది గని ఒక్క చేప పడలే. బావ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నడు: "బామ్మర్దీ, మీ అక్కతో అనకు. నాకు ఇప్పటిదాకా ఒక్క చేపా పడలేదు. ప్రతివారం అదిగో, ఆ పడవల దగ్గర కొనుక్కుపోతున్నా. ఇవాళ నా పరువు నీ చేతుల్లో ఉంది. నేను సామాను సర్దుతాను, మీరిద్దరూ పోయి మంచి పండుగప్ప చేప తీసుకురండి." మేం ఉరికినం, తెచ్చినం. బావ సంచి సూడకుంటనే బండికి తగిలిచ్చిండు.

ఇంటికి పోతే, పట్టిన చేపలు సూద్దమని పక్కింటోళ్ళు పొద్దుగాల్నే వచ్చి కూసున్నరు. అక్క అందరి ముందట సంచి ఇప్పింది. ఇప్పి అట్లనే నిలవడ్డది. "ఏందిర ఇది? గాలానికి ముక్కలు పడ్డయా?"

(మన పహిల్వాన్ బజారు అలవాటుకొద్ది చేపలామెతోని, "అమ్మా, సాఫ్ జేసి పులుసు ముక్కలు కొట్టియ్యి," అన్నడు. నేను పక్కనే ఉండి, "జర పెద్దగ కొట్టమను," అన్న.)

బావ బోడగుండు రాసుకున్నడు. పక్కింటాయన దగ్గిండు. నా నోరు ఊకుంటదా? "చేప మస్తు పెద్దగుండె అక్కా," అన్న, "ఒకేసారి గుంజరాలే. ముక్కలు ముక్కలుగ గుంజినం."

అక్క సంచి పట్టుకొనే కింద కూలవడి కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వింది. అటెన్క వంటింట్ల నాతోని మెల్లగ, "ఆ చేపలామె నాకు దోస్తేరా. 'మీ ఆయనకు మంచిది తీసిచ్చిన' అని నాకే చెప్తది. కొన్న చేపను ఎట్ల పట్టిండో ఈయన చెప్తుంటే ఆ సంబురం సూడాలె. గందుకే అడగలే," అన్నది. అవుతల బావ అప్పటికే తేరుకొని, అలలతోని ఎట్ల కొట్లాడిండో పక్కింటోళ్ళకు చేతులూపి చెప్తున్నడు. పహిల్వాన్ నోరు తెరిచి ఇంటున్నడు, తను సుత అక్కడ లేనట్టు.

ఇప్పుడు నాకు సుత నెత్తి నెరిసింది. అబద్ధం చెప్పాల్నంటే ముందు ఆలోచన చేస్త. ఆలోచన తెగేలోపల్నే మా ఇంటామె ముఖం చూసి పట్టేస్తది. అప్పటి నా నోరు, ఆ తడి ప్యాంటు పోరని నోరు గిన మళ్ళ దొరికితే, ఒక్కపూటకన్న బదులు అడుక్కుంట.