రూతాంటీ చదవమన్న క్రైమ్ నవల

ఇవాళ ఆఫీసులో పక్క సీటావిడ నుదుటికి తలనొప్పి బామ్ రాసుకుంది. ఆ ఘాటు తగలగానే రూతాంటీ గుర్తొచ్చారు. వెంటనే ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, ఆవిడను గురించి మావాళ్లు చెప్పే అబద్ధాల మీద.

హిందీవాళ్ల మధ్య, మోవాలో మా పక్కిల్లే ఆవిడది. నర్సు. డ్యూటీ నుంచి రాగానే నుదుటికి బామ్ పట్టించి క్రైమ్ నవల తెరిచేవారు. నేను కాలేజీలో ఉండగా ఒకటి నా చేతిలో పెట్టారు. “ఒక అధ్యాయం మొగుడు చెప్తాడు, తర్వాతది పెళ్లాం చెప్తుంది. హత్య సంగతి తర్వాత. ముందు ఎవరి మాట నమ్ముతున్నావో, ఎందుకు నమ్ముతున్నావో చూసుకో. బహుత్ మజా ఆతా హై.” మర్నాడే వెళ్లి, ఆ పెళ్లాం వట్టి అబద్ధాలకోరని తేల్చేశాను.

“ఎన్ని అధ్యాయాలు చదివావే?”

“ఒకటి.”

“అచ్ఛా! మొగుడిదొక్కటి చదివి పెళ్లాన్ని ఉరి తీసేశావా తల్లీ?” అని పకపకా నవ్వారు.

ఆ ఏడే మా అక్క సుగుణ, చెంప మీద కమిలిన మచ్చలతో పుట్టింటికి వచ్చేసింది. వెనకాలే బావ దిగాడు. మా తెలుగు చర్చి పెద్దలు హాల్లో కూర్చున్నారు. అమ్మ రూతాంటీని కూడా పిలిచింది. “దీనికి దిమాగ్ ఖరాబైంది అంకుల్, తనే గోడకి గుద్దుకుంటోంది,” అని బావ గంటసేపు ఏడ్చి మరీ చెప్పాడు. అందరూ అయ్యో పాపమన్నారు. అక్క నోరు తెరవబోతే వాళ్లలో పెద్దాయన అడ్డుపడి, “ఆడపిల్ల సర్దుకుపోవాలమ్మా. సాయంత్రం బండికి బయల్దేరు,” అన్నాడు. ఎంత అన్యాయం! అక్కని ఒక్క మాటైనా అడగలేదు.

రూతాంటీ లేచి వీధంతా వినబడేలా అరిచారు. “బస్, ఇక చాలు! ఇంతసేపూ వీడి కథ విన్నారు. దాని కథ వినకుండా ఎవరైనా లేస్తే ఊరుకోను. గోడకి వేళ్లుంటాయా? ఈ మచ్చలు వేళ్లవి. చెప్పవే సుగుణా!”

అక్క చెప్పింది. అంతా చెప్పింది. బండి ఎక్కలేదు. ఇప్పుడు శంకర్ నగర్‌లో సొంతంగా ట్యూషన్లు నడుపుతోంది.

దానికి పెద్దలేం చేశారు? ఆంటీని చర్చి స్త్రీల కూటమి నుంచి తప్పించారు. ఖూనీ పుస్తకాలు చదివి కాపురాలు కూలుస్తోందని ఊరంతా చాటారు. సిగ్గుండాలి!

పోయిన నెల ఆవిడ సంస్మరణ కూటంలో ఆ పెద్దాయనే మైకు పట్టుకుని, “రూతమ్మగారు సాత్వికురాలు, నోరెత్తి ఎరగరు,” అన్నాడు. అక్క పక్కన కూర్చున్నదాన్ని ఇక ఆగలేక లేచాను.

“ఎత్తారు అంకుల్. మీ మీదే ఎత్తారు. అందుకే మా అక్క బతికుంది.”

“కూర్చోమ్మా,” అన్నాడాయన.

మైకు అక్కకిచ్చేదాకా కూర్చోనన్నాను.