నోట్సులో లేని గొడుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాలకొల్లులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో అది ఇంకా ఎక్కువ. ఆ కోపంలో చేసిన పనుల్లో చాలావాటికి నేను సిగ్గుపడను. ఇది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఎం.ఏ. సిలబస్‌లో పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత్రి నవల ఒకటి ఉండేది. ఆవిడ పేరు రాయను, ఆవిడకి నేను చేసిన అపచారం చాలు. ఆ నవల పాలకొల్లులో దొరకదు, రాజమండ్రిలో దొరకదు, కాకినాడలోనూ దొరకదు. దొరక్కపోయినా ఎవరికీ లోటు లేదు, నోట్సు ఉంది కాబట్టి. రాజమండ్రిలో మా మాస్టారు చెబుతుంటే రాసుకున్న నోట్సు అది. దానికి అట్ట వేసి, దారంతో కుట్టి, పదకొండేళ్ళుగా అందులోంచే పాఠం చెబుతున్నాను. మా మాస్టారు తన మాస్టారి దగ్గర రాసుకున్నారట. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళ దగ్గరా అదే ఉండేది. అలా ఆ నవల మా అందరికీ కంఠతా వచ్చు.

నోట్సు ప్రకారం కథ ఇదీ. పొగరుబోతు మొగుడి ఇంట్లోంచి నాయిక వెళ్ళిపోతుంది. వేరే ఊళ్ళో అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పనికి కుదురుతుంది. చివరికి మొగుడు వర్షంలో తడుస్తూ వెతుక్కుంటూ వస్తాడు. ఆవిడ కన్నీళ్ళతో అతని కాళ్ళ మీద పడి, అతని వెంట ఇంటికి వెళ్ళిపోతుంది. ఈ ఘట్టం దగ్గర నేను గొంతు కాస్త తగ్గించి చెప్పేదాన్ని. ఆడపిల్లలు కళ్ళు తుడుచుకునేవారు.

ఆ ఏడు ఒకమ్మాయి తుడుచుకోలేదు. మెయిన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళమ్మాయి. లేచి నిలబడి, “ఆవిడ వెళ్ళదండి మేడమ్. అతనికి గొడుగు ఇచ్చి పంపించేస్తుందండి,” అంది.

క్లాసంతా గొల్లుమంది.

“ఎవరు చెప్పారు నీకు?”

“నెట్‌లో చదివానండి. నవలంతా ఉందండి.”

నెట్ సెంటర్ అంటే నా దృష్టిలో ప్లైవుడ్ అరల్లో దూరి కుర్రాళ్ళు చూడకూడనివి చూసే చోటు. అక్కడికి ఆడపిల్ల వెళ్ళడమే ఒక తప్పు, వెళ్ళి నాకు పాఠం చెప్పడం రెండో తప్పు. “నెట్‌లో ఎవడో రాసింది నిజం, పదకొండేళ్ళుగా చెబుతున్న నేను అబద్ధమా? కూర్చో. సొంత కథలు సినిమావాళ్ళకి చెప్పుకో,” అని నోరు పారేసుకున్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ ఆదివారం టిఫిన్ క్యారేజీ కొనడానికి వాళ్ళ కొట్టుకే వెళ్ళాను. “అమ్మాయి నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతోందండి, కాస్త కనిపెట్టుకోండి,” అని వాళ్ళ నాన్నగారి చెవిన వేసి వచ్చాను. ఆయన రెండు చేతులూ జోడించి, “మంచి మాట చెప్పారండి,” అన్నారు. పిల్లకి మేలు చేశాననే అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి కాలేజీ వదలగానే ఆ అమ్మాయి కొట్లో కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కేది. క్లాసులో మళ్ళీ నోరెత్తలేదు.

నెలన్నర తిరిగేసరికి నాకే అవసరం వచ్చిపడింది. ఒక సెమినార్లో ఆ రచయిత్రి మీద పేపరు చదవాలి. నెట్‌లోంచి నాలుగు ముక్కలు చూపించకపోతే ఈ రోజుల్లో ఎవరూ లెక్కచేయరన్నారు. పట్టపగలు వెళ్ళి, అర తలుపు తెరిచే ఉంచమని చెప్పి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెంటరాయన ఆవిడ పేరు కొట్టి వెళ్ళిపోయాడు.

ఒక అమెరికా యూనివర్సిటీవాళ్ళ పేజీ మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. ముందు నుదురు, తరవాత కళ్ళు, చాలాసేపటికి గడ్డం. ఆవిడ ఫోటో. నేను అనుకున్నంత పెద్దావిడ కాదు. కింద వరసగా ఎన్నో ఉన్నాయి. ఆవిడ సొంత దస్తూరీతో చెల్లెలికి రాసిన ఉత్తరాలు, మొదటిసారి అచ్చయిన పుస్తకంలో ప్రతి పేజీకీ తీసిన బొమ్మ, ఆవిడ ఏ ఏట ఏ ఊళ్ళో ఉందో చెప్పే పట్టిక, ఆఖరికి పళ్ళ మురబ్బా చేసే విధానం కూడా. అన్నీ ఉచితం, అందరికీ. పదకొండేళ్ళు ఆవిడ గురించి గంటల తరబడి మాట్లాడినదాన్ని, ఆవిడ చేతిరాత కుడివైపుకి వాలి ఉంటుందని ఆ రోజు తెలుసుకున్నాను.

తిన్నగా చివరి అధ్యాయం తెరిచాను. ఆ పిల్ల మాట తప్పని తేల్చుకోవాలని నా పంతం.

వర్షం ఉంది. మొగుడు తడుస్తూ వచ్చాడు. నాయిక లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చి అతని చేతికిచ్చింది. జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి తలుపు వేసుకుంది. మిగిలిన అక్షరాలు పేర్చుకుంది. అంతే, నవల అయిపోయింది.

మూడుసార్లు చదివాను. ఎంతమంది పిల్లల్ని ఏడిపించాను! ఎన్ని పేపర్లలో ఆవిణ్ణి మొగుడి కాళ్ళ మీద పడేయించి మార్కులు వేశాను!

ఆ పేజీ అడుగున పాఠకులు అభిప్రాయాలు రాసే చోటు ఒకటి ఉంది. ఏమీ తోచక అదీ తెరిచాను. పైనుంచి మూడోదాని దగ్గర ఆగిపోయాను. కింద “ఒక విద్యార్థిని, పాలకొల్లు” అని ఉంది. తారీకు నేను ఆ పిల్లని తిట్టిన రోజుదే. “మా మేడమ్ నాయిక భర్త దగ్గరికి తిరిగి వెళ్తుందని చెప్పారు. మా మేడమ్ చాలా బాగా చెబుతారు, తప్పు చెప్పరు. కాబట్టి ఈ నవలకి వేరే ముగింపుతో ఇంకో ప్రతి ఏదైనా ఉందా? దయచేసి తెలపండి.”

నన్ను తప్పని నిరూపించడానికి కాదు, నేను ఒప్పయ్యే పుస్తకం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది.

పది రోజుల తరవాత అక్కడి ప్రొఫెసరు జవాబు రాశారు. “ముగింపు ఇది ఒక్కటే. ఈ పేజీ మీ మేడమ్‌కి చూపించండి, ఆవిడ సంతోషిస్తారు.” ఆ జవాబు వచ్చేసరికి ఆ పిల్ల చేతిలో గిన్నెలున్నాయి. పెట్టించింది నేనే.

ఆఖరి అధ్యాయం, ఆ ప్రశ్న, జవాబు ప్రింటు తీయించుకుని, పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్‌లోంచి మా మాస్టారికి ఫోన్ చేశాను. ముగింపు చదివి వినిపించాను. “మా రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో ఆఖరి పేజీలు లేవమ్మా. వెళ్ళక ఏం చేస్తుందిలే అని మా మాస్టారు పూర్తి చేసి చెప్పారు,” అన్నారు. మూడు తరాలవాళ్ళం, ఒక్కరం కూడా ఆ పుస్తకం ఆఖరి పేజీ చూడలేదు.

అటునుంచటే కొట్టుకి వెళ్ళాను. తండ్రి బిందెలు తుడుస్తున్నారు, అమ్మాయి ఓ పక్క మిషన్‌తో పేరు చెక్కుతోంది.

“రండి మేడమ్ గారూ. నెట్ మానిపించేశానండి,” అన్నారాయన సంతోషంగా.

“తప్పు నాదండి. మీ అమ్మాయి చెప్పిందే నిజం. నెట్‌కి పంపించండి.”

ఆయన నవ్వేశారు. “భలేవారండి మీరు. మీరు తప్పు చెప్పడమేంటండి? పిల్ల బాధపడుతోందని అలా అంటున్నారు గానీ.”

ఎన్ని విధాల చెప్పినా ఆయన చెవికెక్కలేదు. నా మాట మీద అంత గురి! చేసేది లేక కాగితాలు అమ్మాయి చేతిలో పెట్టాను. ముందు ప్రొఫెసరు జవాబు చదువుకుంది. నా వంక చూసి తల దించేసుకుంది. “మీ నాన్నగారికి ఆఖరి అధ్యాయం చదివి చెప్పమ్మా,” అన్నాను.

ఒక్కో వాక్యం చూస్తూ తెలుగులో చెప్పుకుపోయింది. ఎక్కడా తడుముకోలేదు. ఆయన బిందె పక్కన పెట్టి విన్నారు.

“గొడుగు మళ్ళీ తెచ్చిమ్మందా?”

“అక్కర్లేదంది నాన్నా.”

ఆయన ఆలోచించారు. తరవాత నా వైపు తిరిగారు. ఆ గొంతులో వెటకారం ఏమీ లేదు, తెలుసుకుందామని అడిగారంతే. “అయితే మేడమ్ గారూ, ఇన్నేళ్ళూ ఈ పుస్తకం చదవకుండానే చెప్పారాండి?”

“అవునండి,” అన్నాను.

ఆయన కూతురి చేతిలోంచి మిషన్ తీసుకుని పక్కన పెట్టారు.

“రేపు నెట్‌కి వెళ్ళేటప్పుడు మేడమ్ గారిని కూడా తీసుకెళ్ళమ్మా. మొదట్నుంచీ చదువుకుంటారు.”